ఉప్పు చేయి

6-3-1978, సోమవారం

నిన్న చర్చిలో పడిపోయాను. పాస్టరుగారు పాపం గురించి గొంతు పెంచుతున్న సమయానికే పడ్డాను కాబట్టి నాకు మారుమనసు కలిగిందని సగం మంది అనుకున్నారట. ముప్పై ఒక్క ఏళ్ళు నంద్యాల ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. మారుమనసే కావలసి వస్తే కూర్చునే తెచ్చుకోగలను. కళ్ళ ముందు నల్లచుక్కలు వచ్చాయి, కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి, అంతే.

కొడుకు పౌలు రిక్షాలో డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. డాక్టరు కుర్రవాడు. మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. చేతికి గుడ్డ చుట్టి గాలి కొట్టి పాదరసం చూశాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టాడు. పైది రెండు వందల పది, కిందిది నూట ఇరవై. నూటికి నూట ఇరవై ఎవరికీ వేయలేదు నేను, అన్నాను. నవ్వలేదు.

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందా అని అడిగాడు. ఆళ్ళగడ్డలో మా అక్క బాలమ్మ రెండేళ్ళుగా మంచంలో ఉందని పౌలు చెప్పాడు. నేనైతే చెప్పేదాన్ని కాదు.

మందులిచ్చి, ఉప్పు మానమన్నాడు. రోజుకు అర చెంచా, అన్నిటికీ కలిపి. మా వెనక వీధివాళ్ళు దిష్టి తీయడానికే అంతకన్నా ఎక్కువ వాడతారు. ఊరగాయ వద్దు, అప్పడం వద్దు, వడియం వద్దు, ఎండుచేప వద్దు, ఊరుమిరపకాయ వద్దు. బజ్జీ కూడా వద్దట, పిండిలో కలిపే తినేసోడాలోనూ ఉప్పులో ఉన్న సోడియమే ఉందట. తినగలిగేవాటి జాబితా ఇస్తే త్వరగా తెములుతుంది కదా అన్నాను.

రోజూ ఏం తిన్నానో ఒక నోటుపుస్తకంలో రాసి నెలనెలా చూపించాలట. అది డాక్టరు నోటు. ఇది నాది. మా అక్క కూతురు అరుణకుమారి ఆళ్ళగడ్డలో నర్సు. మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన ఈ డైరీని కొత్త సంవత్సరానికి నాకు పంపింది. ప్రతి పేజీ అడుగునా ఒక మాత్ర పేరు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది.

7-3-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు.

8-3-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు. కోడలు సుబ్బలక్ష్మి నా పప్పు వేరే గిన్నెలో చేస్తోంది. సున్నం కొట్టే ముందు గోడకు పూసే మడ్డిలా ఉంది. సంగటి ముద్దలో గుంట చేసి ఆ పప్పు పోసుకుని, గుంటను పూడ్చి లేచాను.

11-3-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు. ఒక ముక్క ఊరగాయ. ఊరగాయ ఉప్పు కాదు. ఊరగాయ ఊరగాయే. నీళ్ళలో ఉన్నంత మాత్రాన చేపను నీళ్ళంటామా?

డాక్టరు నోటులో: సంగటి, పప్పు, మజ్జిగ. ఉప్పు లేదు.

15-3-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు. రెండు ముక్కలు.

19-3-1978, ఆదివారం

పాస్టరుగారు ఉప్పు మీదనే ప్రసంగం చేశారు. ఉప్పును పొగిడారు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న మా ఆడబిడ్డ ఆదెమ్మ మోచేత్తో పొడిచి, "నిన్నే వదినా" అంది చిన్నగా.

ఆదెమ్మ మా ఆయన చెల్లెలు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు, ఆమె భర్త పోయి పదకొండు. పక్కిల్లే. మా ఇద్దరి మధ్యా ఒక గోడ, ఒక ఉప్పుబుట్ట. మా సందులో ఐదిళ్ళ ఊరగాయకు ఉప్పు వేసేది ఒకే చేయి. కొలత ఉండదు. ముక్కలు, కారం, ఆవపిండి, నూనె ఎవరి ఇష్టం వారిది. ఉప్పు మాత్రం ఉప్పుచేయి ఉన్న మనిషి వచ్చి దోసిలితో వేసి, కలిపి, వేలి మెటికె మీద అద్దుకుని నాలుకతో చూసి, "చాలు" అనాలి. కొలిచి వేస్తే కలిసిరాదని మా అత్త అనేది. ఆమెకు చేయి కుదరని ఏడు లేదు. నలభై ఏడులో కన్ను సరిగా ఆనక, ఆ పని కూతురుకు ఇవ్వకుండా కోడలికి ఇచ్చింది. ఉప్పు ఎండబెట్టి దంచే పని కూతురుకు ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆదెమ్మ దంచుతోంది, నేను వేస్తున్నాను. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అంటే రోజూ మాట్లాడుకున్నట్టే.

28-3-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు. చర్చి దగ్గర ఎవరో ఉగ్గాని, బజ్జీ పెట్టారు. పెట్టింది తినకపోతే మర్యాద కాదు. మర్యాదలో సోడియం ఎంత ఉంటుందో డాక్టరును అడగాలి.

7-4-1978

రెండు వందల ఆరు. డాక్టరు నా నోటు మొదటినుంచి చివరిదాకా చదివాడు. దస్తూరి చాలా బాగుందన్నాడు. తర్వాత, "ఈ నోటులో మనిషి బాగుపడుతోందమ్మా. ఆమెను తీసుకొస్తే చూస్తాను" అన్నాడు. మీసం లేకపోతే ఏం, వీడికి నోరుంది.

11-4-1978, మంగళవారం

ఆళ్ళగడ్డ పోయి వచ్చాను. పొద్దున ఆరున్నర బస్సు. సంచిలో అక్కకు రెండు పాత చీరలు, నాలుగు నిమ్మకాయలు, ఒక చిన్న సీసాలో నా చేతి ఊరగాయ. సీసా సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా అక్క బాలమ్మ నోటి ముందు నేను మూగదాన్ని. మా నాయన ఎదుట మాట్లాడిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఇప్పుడు కుడికాలు, కుడిచేయి, మూతి కుడి పక్క పోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. "పోవే." ఆకలైతే పోవే. దుప్పటి కావాలంటే పోవే. పోయిన క్రిస్మస్‌కు పాస్టరు వచ్చి తలమీద చేయి పెడితే, ఆయన్నీ పోవే అంది. ఆ ఒక్కసారీ తెలిసే అందేమోనని నాకు అనుమానం.

బస్సులో ఒకటే ఆలోచన. నాకూ అట్లా అయితే నా దగ్గర ఏ మాట మిగులుతుంది? ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్కువసార్లు అన్న మాటే మిగిలేటట్లయితే, "తప్పు, మళ్ళీ చెయ్యి" మిగులుతుంది. అది రెండు మాటలు. అంత అదృష్టం ఉంటుందో లేదో.

అరుణకుమారి తల్లికి స్పూనుతో ఉప్పులేని సంగటి జావ పోస్తోంది. అది నీళ్ళు తేవడానికి బయటికి పోగానే సీసా తీశాను. వేలికి కొంచెం నూనె అద్దుకుని అక్క పెదవులకు పూశాను. ఏం తింటోంది పాపం, ఒక్క చుక్కకే ఏమవుతుందని. అక్క నాలుక సగమే బయటికొచ్చింది. తక్కినదంతా కుడి మూతి పక్కనుంచి ఎర్రగా కారి మెడమీదికి పోయింది. కారుతున్నట్టు ఆమెకు తెలియలేదు. కొంగుతో తుడిచాను. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నా మొహంలోకి చూసి, "పోవే" అంది.

నీళ్ళ బిందెతో వచ్చిన అరుణకుమారి నా కొంగు చూసింది, సీసా చూసింది. అరుస్తుందనుకున్నాను. బిందె దించి మంచం పట్టె మీద కూర్చుంది.

"చిన్నమ్మా, మా అమ్మకు బీపీ ఉండాదని నేనే చూసి చెప్పినా. పడిపోయేదానికి రెండేండ్ల ముందు. మంచం కింద జాడీ పెట్టుకోని తింటాన్నింది. అడిగితే ఒకటే మాట: ఊరగాయ ఉప్పు కాదు, ఊరగాయ ఊరగాయే."

ఆ వాక్యం నా సొంతమనుకున్నాను.

తిరుగు బస్సులో పక్క సీటు ముసలమ్మ సిరివెళ్ళలో దిగుతుంటే ఆ సీసా ఆమె చేతిలో పెట్టాను. ఎందుకమ్మా అంది. నీకు బీపీ ఉందా అని అడిగాను. అదేమిటంది. అయితే తీసుకో అన్నాను. ఇంటికొచ్చాక తోచింది, అది జవాబు కాదని.

12-4-1978

ఇవాళ ఉప్పు ముట్టలేదు.

ఇది నిజం.

13-4-1978

నిజం.

17-4-1978

ఆరు రోజులు. డాక్టరు నోటులో మొదటి ముప్పై ఆరు రోజుల పేజీలకూ అడ్డంగా ఒక గీత కొట్టి "తప్పు, మళ్ళీ చెయ్యి" అని రాశాను.

అన్నం తినబుద్ధి కావడం లేదు. పౌలు నా ఎదురుగా కూర్చుని అప్పడం కొరికాడు. ఆ చప్పుడుకు కొడుకన్న మమకారం కూడా పోయింది. తర్వాత తెచ్చుకున్నాను, ఎంతైనా ఒక్కడే కదా.

26-4-1978

పుల్లటిది ఏదైనా పడితే ఉప్పు లేని సంగతి నోరు సగం మరిచిపోతుంది. గోంగూర పప్పులో నాలుగు వెల్లుల్లి రేకలు, ఎండుమిరపకాయ, మిరియాల పొడి. మజ్జిగలో నిమ్మరసం, వేయించిన జీలకర్ర. సుబ్బలక్ష్మి రోజుకొక రకం చేసి పెట్టి గడపలో నిలబడి నా మొహం చూస్తోంది, పరీక్ష ఫలితాలు చూసేదానిలాగా. ఇవాళ పాస్ చేశాను. ఆ పిల్ల పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది. మార్కులు వేయడం ఇదే మొదలేమో.

5-5-1978

ఒక వింత. పచ్చి ఉల్లిగడ్డ తియ్యగా ఉంది. ఉడకబెట్టిన చెనక్కాయల్లో ఉప్పు వేశావని సుబ్బలక్ష్మిని కసిరాను. వేయలేదని ఒట్టు పెట్టింది. నమ్మలేదు. ఇంకో పిడికెడు నా ముందే ఉడకబెట్టింది. వాటిల్లోనూ ఉప్పుంది.

8-5-1978

నూట అరవై ఎనిమిది. డాక్టరు నా నోటులో అడ్డగీత చూశాడు. మూడు నాలుగు వారాల్లో నాలుక మారుతుందని, ఇక అంత కష్టం ఉండదని చెప్పాడు. నాలుక మారితే మాటకూడా మెత్తబడుతుందా అని పౌలు అడిగాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. ఈసారి మీసం కొంచెం కనిపించింది.

13-5-1978, శనివారం

ఊరగాయ రోజు. ఐదిళ్ళ కాయలు, మా వాకిట్లోనే. కత్తిపీటలు పొద్దున ఐదుకే మొదలయ్యాయి. బనగానపల్లె తోటల నుంచి వచ్చే పండు కథ వేరు. ఊరగాయకు పీచున్న పులుపు నాటుకాయే కావాలి. ఆదెమ్మ రెండు రోజులు ఎండబెట్టి దంచిన ఉప్పు వెదురుబుట్టలో తెచ్చి నా పీట పక్కన పెట్టింది. ఎప్పటిలాగే ఒక్క మాట లేకుండా.

డాక్టరును అడిగే ఉన్నాను. నాలుకకు తాకించి ఉమ్మేస్తే ఫరవాలేదన్నాడు. దోసిలి తర్వాత దోసిలి వేశాను. కలిపారు. మెటికె మీద అద్దుకున్నాను. పట్టింది. ఈ ఏడు ఎప్పటికంటే తొందరగా ఉప్పు పట్టింది. ఐదిళ్ళకూ అంతే.

"ఈసారి ఉప్పు ఘాటుగా ఉంది. యాడ కొన్నావే ఆదీ?"

"ఎప్పుడూ కొనే అంగట్లోనే వదినా."

బుట్టలో మూడో వంతు మిగిలింది. ముప్పై ఏళ్ళలో ఇంత మిగలడం ఇదే మొదలు. చేయి తిరగడమంటే ఇదే. తక్కువ పదార్థంతో పని ముగించడం.

16-5-1978

మూడో రోజు జాడీలు తెరిచి తిరగ కలిపాం. నేనే రుచి చూసి ఐదిటికీ "చాలు" అన్నాను. సుబ్బలక్ష్మి వేలు నాకి, "కొంచెం చప్పగా ఉందేమో అత్తా" అంది. చప్పదనం గురించి ఈ సందులో నాకు చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. అదే చెప్పాను.

9-6-1978

నూట యాభై నాలుగు.

4-8-1978

మా సందులో ఏసయ్య ఇంట్లో ఊరగాయ జాడీ మీద బూజు. ఏసయ్య భార్య తడిచేయి పెట్టి ఉంటుంది. ఆమె చేతులు ఎప్పుడు చూసినా తడిగానే ఉంటాయి.

5-8-1978

ఓబయ్య వాళ్ళ జాడీలోనూ. ముక్క గుజ్జుగుజ్జు అయింది. కాయ ముదరలేదేమో. వాన కూడా ఎక్కువే ఈ ఏడు.

6-8-1978, ఆదివారం

మా జాడీలోనూ.

చర్చి అయ్యాక ఆడవాళ్ళందరూ చెట్టు కింద గుమిగూడారు. సంవత్సరం పొడుగునా సంగటిలోకి ఉన్నది అదొక్కటే, ఐదిళ్ళకూ. ఎందుకైంది టీచరమ్మా, అని అందరూ నా మొహంకేసి చూశారు. టీచరు అయినదాన్ని, అడిగిన ప్రశ్నకు తెలియదు అనడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఉప్పు సరిగా ఎండి ఉండదు, దంచేటప్పుడు చెమ్మ ఉండి ఉంటుంది, అన్నాను.

అంతే అన్నాను. ఆదెమ్మ పేరు ఎత్తలేదు.

ఎత్తవలసిన పని లేదు. ఉప్పు ఎవరు దంచారో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆదెమ్మ అక్కడే ఉంది. గొడుగు తెరిచి వెళ్ళిపోయింది. ఎండ లేదు, వాన లేదు.

7-8-1978

ఉప్పు చెమ్మగానే ఉండింది. నాకు గుర్తుంది.

12-8-1978

ఆదెమ్మ రాలేదు. ముప్పై ఏళ్ళలో జ్వరమొచ్చిన రోజు తప్ప పొద్దున కాఫీకి రాకుండా లేదు. జ్వరమేమోనని సుబ్బలక్ష్మిని పంపాను. జ్వరం లేదట. మిరపకాయలు తొడిమలు తీస్తోందట.

20-8-1978, ఆదివారం

చర్చిలో ఆదెమ్మ వెనక వరుసలో కూర్చుంది. ఏసయ్య భార్య పక్కనున్నామెతో, చెమ్మ ఉప్పు తెచ్చి ఐదిళ్ళ నోట్లో మన్ను కొట్టింది అంటుంటే విన్నాను. తిరిగి చూడలేదు. కీర్తన పుస్తకంలో పేజీ వెతుకుతున్నాను. పేజీ నా ముందే ఉంది.

ఉప్పు చెమ్మగానే ఉండింది.

8-9-1978

నూట నలభై ఆరు. డాక్టరు చేయి కలిపాడు.

10-9-1978, ఆదివారం

దీన్ని తేల్చేద్దామనుకున్నాను. బాగా ఎండిన ఉప్పు వేస్తే ఊరగాయ ఎట్లా నిలుస్తుందో నలుగురికీ చూపిస్తే నేను అన్న మాట నిలబడుతుంది. పోయినేటి జాడీలో అడుగున ఇంకా కొంచెం ఉంది. అటక మీదనుంచి దించాను. ఒక చుక్క బూజు లేదు, ముక్క గట్టిగా ఉంది, నూనె ఎర్రగా తేలుతోంది. అదీ చేయంటే, అనుకుంటూ వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను.

పరుగెత్తి గిన్నెలు కడిగే జాలాట్లో ఉమ్మాను. అది ఊరగాయ కాదు, సముద్రం. మూడు చెంబులతో పుక్కిలించాను. ఎవరో జాడీలో ఉప్పు కుమ్మరించారు అనుకున్నాను. అది ఆదెమ్మ పనేనని కూడా అనుకున్నాను, దేవుడు క్షమించాలి.

సుబ్బలక్ష్మిని పిలిచి తినమన్నాను. తింది. ఇంకో ముక్క తీసుకుంది.

"ఏముందత్తా దీంట్లో. సరిగ్గా ఉండాది. నీ చేతి ఉప్పే గదా."

జాలాడి గట్టు మీద కూర్చుండిపోయాను.

11-9-1978

12-9-1978

ఉప్పు ఎండే ఉండింది. గలగలలాడింది. బుట్టలో నా చేయి పెట్టినప్పుడే విన్నాను.

13-9-1978

డాక్టరు దగ్గరికి నెల కాకుండానే పోయాను. మళ్ళీ ఒక నెల ఉప్పు తింటే పాత నాలుక వస్తుందా అని అడిగాను. ఎందుకని అడగలేదు. "వస్తుందమ్మా. మార్చిలో తిన్నట్టు తింటే మార్చి నాలుకే వస్తుంది. మార్చి బీపీ కూడా" అన్నాడు.

మధ్యస్తంగా ఏమీ లేదా అన్నాను.

లేదన్నాడు.

ఇంటికి రాగానే ఉప్పుడబ్బా మూత తీశాను. తీసి చూశాను. మూత పెట్టాను. ఇది రాయకుండా ఉందామనుకున్నాను.

15-9-1978, శుక్రవారం

ఆదెమ్మ ఇంటికి పోయాను. అలసందలు చెరుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పీట వేయలేదు. గడపమీదనే కూర్చున్నాను. అరవై ఆరేళ్ళ మోకాళ్ళకు అదొక శిక్ష, అందుకే అక్కడ కూర్చున్నాను.

నీ ఉప్పు మంచిదే, నా నాలుక చెడింది, చప్పిడి తిని తిని తక్కువ వేశాను, అని చెప్పాను. రాత్రంతా పేర్చుకున్న వాక్యం ఇంకా పెద్దది. గడపమీద అంతే వచ్చింది.

చెరగడం ఆపలేదు.

"నాకా దినమే తెల్సు వదినా. బుట్టలో మూడో వంతు మిగిలి ఉంటే నాకు తెలీదా? దంచినదాన్ని నేను."

"మరి అప్పుడే చెప్పకూడదా?"

"చెప్తే వింటావా నువ్వు? మా అమ్మ చెప్పింటే వినేదానివేమో." రాళ్ళు ఏరి పక్కకు విసిరింది. "ఆనాడు చెట్టు కింద అన్నావే చెమ్మ అని. ఆ దినం నుంచి చూస్తాండా. ఎన్ని దినాలకు వస్తావా అని."

లెక్క పెట్టాను. నలభై దినాలు. నోవహు వాన కూడా అన్నే దినాలు కురిసి ఆగిపోయింది, అన్నాను. నవ్వించాలని. నవ్వలేదు.

"మళ్ళీ ఉప్పు తింటే నాలుక వస్తుందట, వచ్చే ఏటికి..." అన్నాను.

చేట కింద పెట్టింది. అప్పుడు చూసింది నన్ను.

"తిని, బాలమ్మొదిన మాదిరి ముక్కుతా పండుకో. నేనే వచ్చి పోస్తా జావ. ఏం మనిషివే నువ్వు? ఊరగాయ పోతే ఇంకో ఏడు వేసుకుంటాం. నీ నోరు పోతే నేను పొద్దున్నే లేసి ఎవరితో కొట్లాడల్ల?"

మళ్ళీ చేట చేతికి తీసుకుంది.

"నాకు చెప్పింది చాలు," అంది. "ఆదివారం వాళ్ళకు చెప్పు. చెట్టు కింద కాదు. లోపల."

17-9-1978, ఆదివారం

సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. పాస్టరుగారి మొహం వెలిగింది. మార్చిలో సగంలో ఆగిపోయిన మారుమనసు పూర్తవుతోంది అనుకున్నారు. అయింది కూడా, కాకపోతే ఈసారి నిలబడి. ఆయన ఆశించిన పాపం మాత్రం కాదు.

ఊరగాయకు ఉప్పు తక్కువ వేసింది నేను, ఆదెమ్మ ఉప్పులో చెమ్మ లేదు, ఉందని అన్నది అబద్ధం, ఆ సంగతి వారం కిందటే తెలిసింది, తెలుసుకోకూడదని అంతకు ముందు ఐదు వారాలు కష్టపడ్డాను, అని చెప్పాను. చర్చిలో అందరి చెవులూ ఒకేసారి మేలుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ప్రసంగానికి ఎప్పుడూ అట్లా మేలుకోవు.

ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి ఏసయ్య భార్య, "మా మూడు సేర్ల కాయ పాయెనే టీచరమ్మా" అంది. దేవుని మందిరంలో అంతకన్నా న్యాయమైన మాట నేను వినలేదు.

ఆదెమ్మ ముందు వరుసలోకి రాలేదు. 

18-9-1978

పొద్దున ఆదెమ్మ కాఫీకి వచ్చింది. చక్కెర ఎక్కువైందని వంక పెట్టింది.

31-12-1978

డైరీ అయిపోయింది. అరుణకుమారి ఇంకొకటి పంపింది. అడుగున వేరే మాత్రలు.

12-5-1979, శనివారం

ఊరగాయ రోజు. పీట మీద ఆదెమ్మ కూర్చుంది. నేను పక్కన ఇత్తడి సేరు పట్టుకుని నిలబడ్డాను. కొలిస్తే కలిసిరాదన్న అత్త మాట మీద వాకిట్లో కొంత గొణుగుడు నడిచింది. మా అత్త నాలుక కావాలంటే సమాధిలోకి పోయి తెచ్చుకోండి, నా దగ్గర సేరుంది, అన్నాను. నాలుగు సేర్ల ముక్కకు ఒక సేరు ఉప్పు. ఒకటికి నాలుగు. ముప్పై ఒక్క ఏళ్ళు నల్లబల్లమీద రాసిందే. మామిడికాయకు కూడా వర్తిస్తుందని ఒక్కసారీ తట్టలేదు.

ఆదెమ్మ మెటికె మీద అద్దుకుని నాలుకతో చూసింది. వాకిలంతా ఆగింది. ముప్పై రెండేళ్ళు దంచిన చేయి. తొందరపడలేదు. బుట్టలోకి చేయి పెట్టి, నా సేరు మీద ఇంకొక పిడికెడు వేసింది.

"చాలు," అంది.

ఆ పిడికెడు అక్కరలేదని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. డాక్టరుకు చెబితే ఇది కూడా బీపీకి మంచిదంటాడేమో.

19-8-1979, ఆదివారం

ఐదు జాడీలూ తెరిచారు. ఒక్క దాని మీదా బూజు లేదు. కొంచెం ఉప్పెక్కువ అని అందరూ తిన్నారు. ఆ పిడికెడు. నేను ఆదెమ్మకేసి చూడలేదు. చూడకుండా ఎంత కష్టపడ్డానో ఆదెమ్మ చూసింది.

21-8-1979, మంగళవారం

నిన్న నూట నలభై. ఇవాళ ఆళ్ళగడ్డ.

ఈసారి సీసా తీసుకుపోలేదు. నిమ్మకాయలు, వేయించిన జీలకర్ర పొడి. జావలో పిండి అక్కకు నేనే పట్టాను. ఎడమ పక్కగా పోస్తే కారదని నేర్చుకున్నాను. మొత్తం తాగింది. అరుణకుమారి డ్యూటీకి పోయాక మంచం పక్కన స్టూలు వేసుకుని కథంతా చెప్పాను: చర్చిలో పడటం, రెండు నోటుపుస్తకాలు, ఆమె వాక్యాన్ని నేను దొంగిలించిన సంగతి, బుట్టలో మిగిలిన ఉప్పు, గొడుగు, నలభై దినాలు, మూడు సేర్ల కాయ, ఆ పిడికెడు. మూడేళ్ళుగా ఆమె దగ్గర కూర్చుని నేను ఏడ్చానే గానీ ఒక్క కథ చెప్పలేదు. ఆమెకు అర్థం కాదనుకున్నాను. ఆమె కళ్ళు మాత్రం ఒక్కచోటా నన్ను వదల్లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదానికి ఒకటికి నాలుగు తెలుసుకోవడానికి అరవై ఏడేళ్ళు పట్టింది చూడక్కా, అన్నాను.

ఎడమ పెదవి కదిలింది. భుజం అదిరింది. దగ్గొస్తోందేమోనని లేచాను. దగ్గు కాదు. నవ్వుతోంది. సగం మొహంతో, పాత బాలమ్మ నవ్వు, మా నాయన ఎదుట నవ్వి దెబ్బలు తిన్న నవ్వు.

"పోవే," అంది.

ఇంకో గంట కూర్చుని, నాలుగున్నర బస్సుకు పోయాను.